రెండో డబ్బాకు ఇల్లు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పూల మునెమ్మ. పొద్దున మల్లెలు మూర కొలిచి నా చేతిలో పెడుతూ, "ఇనింటివా అమ్మా? గాంధీ రోడ్డు ఎనక సందులో కంప్యూటర్ల సాయిబు ఉండాడే, ఆయప్ప నిన్న పోయినాడంట" అంది.

"ఎవరూ?" అన్నాను, ఎవరో తెలిసే.

"ఆయప్పేమ్మా. కళ్ళద్దాలకు రాగితీగ సుట్టుకోని ఉంటాడే. బాగుండే మనిషి. టీ తాగతా తాగతా అట్నే ఒరిగిపోయినాడంట."

దాచుకోకుండా రాస్తున్నాను. ఆ మాట వినగానే నా మనసులో మెదిలింది ఆయన ముఖం కాదు. ఆయన ఇంట్లో ఉన్న నా డబ్బా. దాని వెనకే సిగ్గు వచ్చింది, ఆ సిగ్గు వెనక దుఃఖం వచ్చింది. ఆ మల్లెలు స్వామికి పెట్టబోయి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. బతికుండగా షాపు బోర్డు మీద కూడా ఆయన రాసుకోలేదు. ఆ బోర్డు మీద మొదట 'రేడియో' అని ఉండేది. దాని మీద రంగు కొట్టి 'టేపు రికార్డరు' అని రాశారు. దాని మీదా రంగు కొట్టి 'కంప్యూటరు' అని రాశారు. కింద 'రిపేరు చేయబడును' అన్న మాట మాత్రం ఎప్పుడూ మారలేదు. షాపు అంటే ఇంటి ముందు గదే. వెనక ఒక పచ్చ తెర, ఆ తెర వెనక ఆయన సంసారం.

నా డబ్బాలో ఉన్నవి మా అమ్మ పాటలు. మా అమ్మ కచేరీలు చేసిన మనిషి కాదు. పాకాలలో మా వీధిలో పెళ్ళికూతుర్ని చేసినా, శ్రీమంతం చేసినా, పీటల మీద హారతి ఇవ్వాలన్నా అమ్మను పిలిచేవాళ్ళు. ఆ పాటలు పుస్తకాల్లో లేవు, అమ్మ నోట్లోనే ఉన్నాయి. నేను బడికి పోయినదాన్ని కాను. నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించారు, అమ్మ పాటలు నేర్పింది. అక్షరాలు వచ్చాయి కానీ పాట రాలేదు, నా గొంతు అంతే. అందుకే మా అన్న టేపు రికార్డరు కొన్నప్పుడు అమ్మను బతిమాలి బతిమాలి పదకొండు క్యాసెట్లు నింపుకున్నాను. వాటిలో పాట నడుమ దగ్గు ఉంది, పాకాల జంక్షన్ రైలు కూత ఉంది, "పాలు పొంగుతాయేమో చూడవే" అన్న కేక కూడా ఉంది.

కొన్నేళ్ళకు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. తిరుపతికి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఊరికే ఒక క్యాసెట్ పెట్టాను. అమ్మ ఇటు తిరిగింది. తన గొంతు తనే వింటూ పెదవులు కదిపింది. శబ్దం రాలేదు కానీ ఒక్క అక్షరం తప్పలేదు. ఆ రోజు నుంచి నాలుగు కొట్టేసరికి ఎడమ చేత్తో మంచం పట్టీ తట్టేది, పెట్టమని. అంతకుమించి ఆమె ఈ లోకాన్ని అడిగేది ఏమీ లేదు.

క్యాసెట్లకు బూజు పట్టింది. పాట నడుమ గొంతు మునిగిపోవడం మొదలైంది. అప్పుడు ఎవరో ఆయన దగ్గరికి పొమ్మన్నారు.

ఆయన ఒక్కొక్క క్యాసెట్‌నూ వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఇవి ఒక్కసారే పాడతాయమ్మా. రెండోసారి నా సేతిలో లే" అన్నాడు. పన్నెండు రోజులు తుడిచి, ఎండబెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. చెప్పినట్టే కొన్ని టేపులు ఆ ఒక్కసారి పాడి, తెగిపోయాయి. పోతూ పోతూ పాడిపోయాయి, వాటికీ దండం.

"ఇప్పుడు వీటిని పెట్టుకునేదానికి డబ్బా కావల్ల" అన్నాడు. హార్డ్ డిస్క్ అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ఆయనకది డబ్బాయే.

మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చదువుతోంది. అద్దాల బీరువాలో లావుపాటిది చూపించి, "అది ఇవ్వండి అంకుల్, అందులో ఎక్కువ పడతాయి" అంది.

"ఏం పెడతావు పాపా, తిరుపతినంతా ఎత్తి పెడతావా? మీ అవ్వ పాటలు దీంట్లో ఒక మూలకు కూడా రావు."

"పోనీ ఆ ఎర్రగా మెరిసేది?"

"మెరుపు నీకు. వినేది మీ అవ్వ." ఆయన లావుదాన్ని చూపిస్తూ నాతో అన్నాడు. "దానికి వేరే కరెంటు తీగ కావల్లమ్మా. కాపీ అయ్యేటప్పుడు కరెంటు పోయిందనుకో, దెబ్బ తింటాది. ఈ సిన్నది సూడు, కంప్యూటర్ పెట్టే కూడుతోనే బతుకుతాది. సంచిలో పెట్టుకోని బస్సెక్కచ్చు."

ఒక నల్లటి చిన్నదాన్ని తీసి తీగ తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నట్టు కళ్ళు మూసుకుని విన్నాడు. పక్కన పెట్టేశాడు. ఇంకొకటి విన్నాడు. నా చెవి దగ్గరా పెట్టాడు. "గాలి తోలినట్టు ఉండల్ల. టిక్కు టిక్కుమంటే అది మన ఇంటికొద్దు." తీగ మూడుసార్లు పెట్టి తీశాడు, వదులుగా ఉందేమోనని.

అట్లాంటివి రెండు తీసి పక్కపక్కన పెట్టి అడిగాడు. "ఒకటి మీ ఇంట్లో. రెండోది ఎవరింట్లో?"

రెండోది ఎందుకో నాకు తెలియలేదు. అప్పుడే ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన అతనివైపు తిరిగి అదే అడిగాడు.

"ఏమప్పా, నీ రెండోది ఎవరింట్లో?"

"మా ఇంట్లోనే సాయిబూ, ఇంకెవరింట్లో?"

"మొదటిది?"

"అదీ మా ఇంట్లోనే."

"అట్లయితే ఒకటి సాలు. ఇంకోటి నాకాడే ఉండనీ, ఊరికే బరువెందుకు మోస్తావు?"

"యాపారం సేసే మాటేనా ఇది?"

"పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు సూస్తాము కదప్పా. నీ ఇంట్లో నీళ్ళొస్తే రెండూ తడుస్తాయి. దొంగ పడితే రెండూ పోతాయి. వాడేమన్నా ఒకటి నీకు పెట్టి పోతాడా?"

"సరేలే, మా అత్తగారింట్లో పెడతా."

"అత్తతో మాటలుండాయా?"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతను తల గోక్కుని, తమ్ముడి ఇంటి పేరు చెప్పి తీసుకుపోయాడు. ఆ ప్రశ్న అందరికీ ఉండేదని తర్వాత తెలిసింది. ఇల్లు చెప్పలేనివాళ్ళకు ఆయన రెండో డబ్బా అమ్మేవాడు కాదు.

"పాకాలలో మా అన్న ఇంట్లో పెడతానన్నా" అన్నాను నేను.

"మంచిది. అది ఇల్లు" అన్నాడు.

తర్వాత ఎక్కించాడు. డబ్బాను మడిచిన టవలు మీద పెట్టి, లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ బల్ల మీద ఎవరినీ మోచేయి ఆనించనివ్వలేదు. "తింటా ఉండాది. తినే బిడ్డను కదిలించకూడదు." అయిపోయిందని కంప్యూటర్ తెర మీద చూపించినా నమ్మలేదు. తీసి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, నా చేతే తెరిపించాడు. నేను మొదటి పాట మీదికి పోతే ఆపాడు. "మొదటిది అందురూ తెరుస్తారమ్మా. నడిమిది తెరువు." నడిమి పాట తెరిచాను. అమ్మ గొంతు వచ్చింది. తీగ పీకబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అట్లా లాక్కోకూడదు. ఒకరింటికి పోయినాము, సెప్పకుండా లేసి వస్తామా? పోయొస్తానని సెప్పి తియ్యల్ల." ఎక్కడ నొక్కి చెప్పాలో చూపించాడు. డబ్బా అట్టపెట్టెలో వచ్చిన కాగితమంతా ఇంగ్లీషు. ఆ కాగితంతో నాకు ఏ రోజూ పని పడలేదు.

చివరికి తన కంప్యూటర్‌లో ఉన్న పాటలను నా కళ్ళ ముందే తుడిచేశాడు. "మీ ఇంటి గొంతు మా మిషన్లో ఉండకూడదమ్మా. నేను పోయినాక ఈడ ఎవరు కూర్చుంటారో!"

ఇంత నేర్పిన మనిషికి నేను అబద్ధమాడాను. అప్పుడది అబద్ధమని అనుకోలేదు. వచ్చే వారం పాకాలకు పోతాను కదా అనుకున్నాను. ఆ వారం పోయింది, మరో వారం పోయింది. అమ్మ గొంతును ఇంకో ఇంటికి పంపడానికి నాకు మనసొప్పలేదు. రెండు డబ్బాలనూ పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు ఏముంటుంది అనుకున్నాను. ఆ మధ్యే మా అమ్మాయి చదువుకు చోటు చాలడం లేదంటే అమ్మకు వినిపించడానికి ఇంట్లో కంప్యూటర్‌లోనూ ఎక్కించుకున్న పాటలు తీసేయించాను, రెండు చోట్ల ఉన్నాయి కదా అని. రెండు చోట్లు కావు, ఒకే గూడు.

ఆయుధపూజ వచ్చింది. మా ఇంట్లో కత్తిపీటకు, కుట్టుమిషనుకు, మా వారి సైకిలుకు, అన్నిటికీ పూజ చేస్తాం. ఆ ఏడు కంప్యూటర్‌కూ చేశాను. మరి అమ్మ గొంతు దాచిన డబ్బాలకు చేయకపోతే ఎట్లా? తడిగుడ్డతో తుడిచాను. గంధం తీసి, బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూశాను. తీగ దూర్చే సన్నటి సందు నాకు నోరులాగా కనిపించింది. నోటికి పైన నుదురు కదా, అక్కడే దిట్టంగా గంధం పూసి కుంకుమ పెట్టాను. రెండింటికీ. పైన తులసి తీర్థం చల్లాను. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజు ముట్టుకోము. మరునాడు దశమి. నాలుగింటికి అమ్మ మంచం తట్టింది. మొదటి డబ్బా తీసి తగిలించాను. లైటు రాలేదు. నాలుగైదుసార్లు లాగి లాగి పెట్టాను. రాలేదు. భయంతో రెండోది తగిలించాను. ఒక్కసారి వెలిగింది, టిక్కు టిక్కుమంది, ఆరిపోయింది.

అమ్మ చెయ్యి మంచం తడుతూనే ఉంది.

పండగ పూట అని కూడా చూడకుండా ఆయన దగ్గరికి పరిగెత్తాను. కుంకుమ బొట్లతో ఉన్న డబ్బాలు రెండూ టవలు మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"ఏందిమా, పెళ్ళికూతుర్లను సేసి తెచ్చినావు?"

నాకు ఏడుపు వచ్చింది. చెప్పాను.

"రెండూ ఒక్కతూరే ఎట్లా తడిసినాయి? పాకాల అని సెప్పినావే."

తలెత్తలేకపోయాను. "దేవుడి గూట్లో పెట్టానన్నా. ఆయన చూసుకుంటాడనుకున్నాను."

కోప్పడతాడనుకున్నాను. బల్ల మీద పడిన కుంకుమను వేలితో జాగ్రత్తగా కాగితంలోకి తీసి, మడిచి నా చేతికిచ్చాడు, అది కింద పడకూడదన్నట్టు. "దేవుడు నిన్ను సూస్తాడమ్మా, మీయమ్మను సూస్తాడు. డబ్బాను సూసే పని మనకిచ్చినాడు" అన్నాడు. "వస్తాదో రాదో సెప్పలేను. పోయి అమ్మకాడ ఉండు."

అయిదు రోజులు. రోజూ నాలుగింటికి అమ్మ మంచం తట్టేది. ఒకరోజు నేనే పాడాను, నా చేతకాని గొంతుతో. అమ్మ నన్ను చూసింది. కోపం కాదు, జాలిపడినట్టు చూసింది. నా చెంప నిమిరి, గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజు నుంచి మంచం తట్టడం మానేసింది. తట్టినన్నాళ్ళూ ఏడ్చాను కానీ, మానేశాక నాకు ఏడుపు కూడా రాలేదు. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టినా పెదవి విప్పడం లేదు.

అయిదో రోజు ఆయన ఫోను చేశాడు. "రామ్మా. ఒకటి వచ్చింది."

మొదటిదాని నోట్లోకి కారి ఎండిపోయిన గంధాన్ని కుట్టుసూదితో, స్పిరిట్‌తో గీకి, ఆ చిన్న నోటినే ఊడదీసి కొత్తది అతికించాడట. రెండోది లోపల కాలిపోయింది. "తడి మీద కరెంటు ఇస్తివి, ఏం సేస్తాది పాపం" అన్నాడు, పోయినవాళ్ళ గురించి చెప్పినట్టు. దక్కినదానిలోనూ మూడు పాటలు తెరుచుకోలేదు. అందులో ఒకటి నన్ను ఉయ్యాలలో వేసి పాడిన పాట. మిగిలినవన్నీ వచ్చాయి. స్వామి దయ, ఆ చేతుల దయ.

నడిమి పాట తెరిచాను. పాట మధ్యలో అమ్మ దగ్గింది. ఆయన గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కొత్త డబ్బా ఒకటి తీసి రెండోదిగా ఎక్కించాక మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "దీనికి ఇల్లు సూడు. ఈ తూరి నిజమైంది."

"మీ ఇల్లేనన్నా."

"అది కుదరదమ్మా. ఒకరిది నేను పెట్టుకోను. పోతే మీకేం సెప్పేది?"

"మా అన్న ఇంటికి పంపలేనని నాకు ఇప్పుడు తెలిసింది. ఇక్కడైతే నడిచి వచ్చి చూసుకోగలను."

ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు తెర వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. అన్నిసార్లు షాపుకు వచ్చినా ఆమె గొంతు వినడం నాకదే మొదలు.

"అజీ, పెట్టుకోండి. ఒక డబ్బా ఎంత సోటు తింటాది? వాళ్ళమ్మ పాట పొద్దున నుంచి నేనూ ఇంటా ఉండాను."

ఆయన తెరవైపు చూసి, నావైపు చూసి, "ఇంట్లోవాళ్ళ ఆర్డరు" అని నవ్వాడు. ఆ రాత్రి పాట పెడితే అమ్మ ఇటు తిరిగి ముద్ద తిన్నది, మరునాడు నాలుగింటికి మళ్ళీ మంచం తట్టింది.

అప్పటి నుంచి నెలకొక గురువారం నేను మా ఇంటి డబ్బా తీసుకుపోయేదాన్ని. ఆయన రెండింటినీ తెరిచి, నడిమి పాట వినిపించి, మా ఇంటిది తమ ఇంట్లో పెట్టుకుని, తమ ఇంటిది నాకిచ్చేవాడు. "ఒకే ఇంట్లో పడుంటే వాటికి సోమరితనం వస్తాది" అనేవాడు. తెర వెనక నుంచి "ఆపొద్దండీ, పాట అయిపోనీండి" అని ఆమె అనేది. ఆయన తీగ మీద చెయ్యి పెట్టుకుని, పాట అయ్యేదాకా కూర్చునేవాడు. షాపులో జనం ఉన్నా సరే. ఒకసారి ఒకాయన, "ఏం సాయిబూ, హారతి పాటలు ఇంటాండావు?" అని ఎగతాళి చేశాడు. "తల్లి పాటప్పా. నీకేమన్నా వేరే తల్లుందా?" అన్నాడు.

మునెమ్మ చెప్పిన మూడో రోజు నేను ఆ ఇంటికి పోయాను. షాపు తలుపు సగం వేసి ఉంది. తెర వెనకకు పోవడం నాకదే మొదటిసారి. ఆడవాళ్ళ నడుమ ఆమె తెల్లటి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. డబ్బా మాట ఎత్తకూడదని గట్టిగా అనుకుని పోయాను, ఎత్తలేదు. ఆమే లేచింది. బీరువా తీసి, తన పెళ్ళి చీర మడతల్లో నుంచి డబ్బాను తీసి నా ఒళ్ళో పెట్టింది.

"తీసుకపోమ్మా. నాకు దీన్ని తెరవను రాదు. తెరిచి సూడకుండా పెట్టుకుంటే రాయి పెట్టుకున్నట్టే అంటా ఉండె ఆయన. ఇన్నేళ్ళల్లో నేను ఆ మిషన్లను ముట్టుకుందే లేదు."

తీసుకుని రావచ్చు. కానీ మా ఇంట్లో పెడితే మళ్ళీ రెండూ ఒకే గూడు. అన్నిటికంటే, ఆమె చేతుల్లో నుంచి దాన్ని తీసుకుంటే ఆ ఇంట్లో ఇంక ఏ పాటా వినిపించదు.

"నేర్పిస్తాను వదినా. నాకూ ఏమీ రాదు. ఆయనే నేర్పించాడు" అన్నాను.

అప్పుడు కాదు. నలభై రోజులూ గడిచాక ఒక మధ్యాహ్నం షాపు తలుపు లోపల గడియ పెట్టి, ఇద్దరం ఆ బల్ల ముందు కూర్చున్నాం. ఆమె వేళ్ళు మౌసు మీద వణికాయి. బాణం గుర్తు ఎటు పోతోందో తెలియక రెండుసార్లు దుప్పటి చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన ఇంత కష్టం పడినాడా రోజూ?" అంది. తర్వాత నొక్కింది. పాట వచ్చింది. చెయ్యి తీయడానికి భయపడి అట్లాగే పట్టుకుని పాటంతా విన్నది. అయిపోయాక నావైపు చూసి, "వచ్చే నెల నువ్వు ముట్టుకోవద్దు. నేనే తెరుస్తా" అంది. తెరిచింది కూడా.

ఇది రాస్తున్నప్పుడు నాలుగు అవుతోంది. అమ్మ మంచం తడుతోంది, లేవాలి. లేచే ముందు చదివేవాళ్ళను ఒకటి అడుగుతాను. ఆయన చేత వస్తువులు బాగు చేయించుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో వందలమంది ఉన్నారు. ఆయనను వాళ్ళు తలుచుకుంటారు, నేనూ రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను. మీరు ఆమెను తలుచుకోండి. పరాయి తల్లి పాటను తన పెళ్ళి చీరలో పెట్టుకుని, నెలకొకసారి వణికే చేత్తో తెరిచి, ఉందా అని చూసి, మళ్ళీ మడత పెట్టే ఆ మనిషిని. మీరు ఏ దేవుడికి చెప్పుకున్నా సరే, ఆమె చేతికి వణుకు తగ్గాలని ఒక్క మాట చెప్పుకోండి.